అమావాస్య నాడు చూసిన మగ్గాలు

నేను చేసిన పని

ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ "మావాడు ఫ్యాక్టరీలో పరీక్షలు రాస్తాడు" అని చెప్పేది. వినేవాళ్ళు, పాపం ఈ వయసు వచ్చినా ఇంకా పాసు కాలేదేమో అని నావైపు జాలిగా చూసేవాళ్ళు. నేను రాసింది పరీక్షలు కాదు, పరీక్షలో ఇచ్చే ప్రశ్నలు. యాభైలలో బెంగుళూరు చుట్టూ పెద్ద ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఒక్క కుర్చీకి ఒక ఊరంత జనం అర్జీ పెట్టేవాళ్ళు. వాళ్ళను వడగట్టడానికి మా ఫ్యాక్టరీలో ఒక ఎంపిక విభాగం ఉండేది. విభాగమంటే ఒక గది, తిరగని ఒక ఫ్యాను, ఒక టైపిస్టు, నేను, మా అందరి మీదా ఒక ఆఫీసరు.

ఈ వృత్తిలోకి ఇప్పుడు కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రాస్తే అర పేజీ కాదు, రానివి రాస్తే గ్రంథమవుతుంది.

నా వంతుకు వచ్చింది తర్కం పేపరు. అందులో ఒక రకం ప్రశ్న నా చేతి పని. ముందు ఒక చిన్న వాదన ఉంటుంది, దాని చివర "కాబట్టి" అని ఒక నిర్ణయం. కింద నాలుగు వాక్యాలు. వాటిలో ఏది కలిపితే ఆ నిర్ణయానికి అన్నిటికంటే ఎక్కువ బలం వస్తుందో అభ్యర్థి చెప్పాలి. ఇంతే. దీనికి జీతమా అని మా మామగారు పెళ్ళిచూపుల్లోనే అడిగారు.

ఒక ఉదాహరణ చెప్తాను. మీ వీధి చివర హోటలు ముందు పొద్దున్నే జనం నిలబడి ఉన్నారు. కాబట్టి అక్కడ దోసె బాగుంటుంది అన్నారు మీరు. దీన్ని ఎట్లా బలపరుస్తారు? "దోసె నిజంగానే బాగుంటుంది" అంటే అది బలపరచడం కాదు, అదే మాటను గొంతు పెంచి చెప్పడం. "హోటలాయన చాలా మంచివాడు" అంటే ఆయనకు సంతోషం, దోసెకు సంబంధం లేదు. "పక్కనే ఇంకో హోటలు తెరిచివుంది, అదే ధర, అక్కడ ఈగలు తప్ప ఎవరూ లేరు" అంటే మీ వాదనకు కాళ్ళు వచ్చాయి. ఎందుకంటే జనం నిలబడింది ఆకలికో, వేరే హోటలు లేకో కాదని తేలింది. బలపరచడమంటే అదే. మీ నిర్ణయం తప్పయ్యే దారులేవో వెతికి, ఒక్కొక్కటీ మూసుకుంటూ రావడం.

దారి మూయాలంటే ముందు ఆ దారి ఉందని తెలియాలి. ఈ వాక్యం పరీక్షహాల్లో కంటే బయటే ఎక్కువ పనికొస్తుందని నాకు ఆలస్యంగా అర్థమయింది.

మేజరుగారు

మా ఆఫీసరును అందరూ మేజరుగారు అనేవాళ్ళు. సైన్యం నుంచి వచ్చినాయన. యుద్ధమంతా ఆయన ఒక బూట్ల గోదాములో కాపలా ఉన్నారని తర్వాత తెలిసింది. అయినా నడక మాత్రం ముందుండి దళాన్ని నడిపించినట్టే ఉండేది. మా మాటలన్నీ ఇంగ్లీషులో సాగేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. మా పరీక్షలో వాదన ముందు, నిర్ణయం తర్వాత. మా ఆఫీసులో నిర్ణయం ముందు. అది మేజరుగారి నోట్లోంచి బయట పడ్డాక, దానికి కారణాలు వెతికే పని కిందివాళ్ళది. "కొంచెం బలంగా రాసి పట్టుకురా" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషిని మీరు చూసివుంటారు. మా మేజరుగారు ఒక మెట్టు పైన. నాలుగో కాలు ఎందుకు అనవసరమో నాచేత నోటు రాయించేవారు.

మొదట్లో మేము ప్రశ్నలు ఇంగ్లండు నుంచి వచ్చే సీమ పుస్తకాల నుంచి దించేవాళ్ళం. ఇంటి కప్పు మీద మంచు కరిగింది, చిమ్నీలోంచి పొగ వస్తోంది, కాబట్టి ఇంట్లో మనుషులున్నారు అనే తరహా. ఒకసారి కోలారు వైపు కుర్రవాడొకడు పరీక్ష మధ్యలో లేచి అడిగాడు.

"సార్, చిమ్నీ అంటే లాంతరుకు పెట్టేదేనా? దాంట్లోంచి పొగొస్తే వత్తి తుంచల్ల సార్. మనుషులు లేరనే గదా అర్థం, ఉంటే తుంచుండరా?"

నిజం చెప్పాలంటే ఆ పేపరులో అందరికంటే మంచి తర్కం అతనిదే. మార్కు మాత్రం సున్న.

ఈ కథ పైదాకా పోయింది. పైనుంచి కిందికి చివాట్లు వచ్చాయి. మేజరుగారు నన్ను పిలిచి, "ఇకమీదట అన్నీ మన దేశపు ప్రశ్నలే కావాలి. వారంలో" అన్నారు. అప్పటిదాకా మంచు ప్రశ్నలే కావాలని పట్టుబట్టింది ఎవరో ఆయనకు గుర్తు లేదు. నాకు గుర్తున్నా లాభం లేదు.

నా ప్రశ్న

మాది నగర్తపేటలో నేతగాళ్ళ కుటుంబం. మా నాయన గుంట మగ్గం మీద నూలుచీరలు నేసేవాడు. నేను చదువుకుని, మెడకు టై కట్టుకుని, పెళ్ళయ్యాక మల్లేశ్వరంలో ఇల్లు తీసుకున్నాను. పేటకూ మా ఇంటికీ సైకిలు మీద అర గంట. ఆ అర గంట దూరాన్ని నేను నెలకొక్కసారి దాటేవాడిని.

నెలకొక్కసారే ఎందుకంటే, మామూలు రోజున నాయన మగ్గం దిగడు. కాళ్ళు గుంటలో, చూపు పడుగు మీద. ఆ చప్పుడులో మాట వినపడదు. "అమాస పొద్దు రా నాయనా, మీ నాయన తీరిగ్గా ఉంటాడు" అనేది అమ్మ. మా నేతగాళ్ళ ఇళ్ళలో అమావాస్య నాడు మగ్గం కదలదు. ఆ రోజు చౌడేశ్వరమ్మకు పూజ, మగ్గానికి సెలవు, ఇంట్లో ఓళిగలు, అంటే బొబ్బట్లు. నేను పూట సెలవు పెట్టి వెళ్ళి, తిని, రెండు మాటలు మాట్లాడి వచ్చేవాడిని.

వారంలో దేశీయమైన ప్రశ్నలు కావాలన్నారు కదా. మన దేశం గురించి నాకు తెలిసిందల్లా మా వీధే. ఈ ప్రశ్న రాశాను:

"ఒక అధికారి ఒక నేతవీధికి వరుసగా మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ మగ్గాలు ఆగివున్నాయి. కాబట్టి ఆ వీధికి పని లేదు." దీన్ని అన్నిటికంటే ఎక్కువగా బలపరిచేది ఏది? ఒకటి, అధికారి చాలా అనుభవం ఉన్నవాడు. రెండు, ఊళ్ళో కొందరు పాత వృత్తులు వదిలేస్తున్నారు. మూడు, అవే మూడు రోజుల్లో పక్క వీధి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నాలుగు, ప్రతిసారీ ఆయన వెళ్ళడానికి ముందు వారమంతా ఆ వీధిలోకి నూలు రాలేదు.

సరైన జవాబు మూడు అని నా తీర్పు. దోసె హోటలు సూత్రమే. పక్క వీధి ఆడుతోందంటే కరెంటు పోవడమో, పండుగో, వానో కారణం కాదని తేలిపోయింది. నాలుగోది నేను కావాలని పెట్టిన ఎర. నూలు ఇంట్లో నిలవ ఉండవచ్చు కదా అని నా లెక్క. నిజం వాసన రావాలని మూడు తేదీలు కూడా వేశాను. తేదీలు ఎక్కడివంటారా? నా డైరీలోవి. నేను మా వీధికి వెళ్ళివచ్చిన రోజులు. పక్క వీధి షెడ్డులో అమావాస్య పట్టింపు లేనివాళ్ళ మగ్గాలు ఆ రోజుల్లో టకటకమంటూనే ఉండేవి, ఆ సంగతీ నేను చెవులారా విన్నదే.

మీరు ఇప్పటికే నవ్వుతున్నారు. నవ్వండి. నేతగాడి కొడుకుని, అమావాస్య ఓళిగలు తిని వచ్చి, ఆ రోజు మగ్గాలు ఎందుకు ఆగాయో మరిచిపోయాను. మరిచిపోయానంటే అది కూడా పూర్తి నిజం కాదు. నెలనెలా ఆగిన మగ్గమే చూసి చూసి, మా వీధి పని అయిపోయిందని నేను ఎప్పుడో నమ్మేశాను. ఆఫీసులో పదిమందికి చెప్పాను కూడా, కొంచెం బాధగా, కొంచెం గొప్పగా.

పంచాంగం కాగితం

పరీక్ష అయింది. ఎంపికైనవాళ్ళ పేర్లు, అందరి మార్కులు, సరైన జవాబులు నోటీసు బోర్డు మీద గుచ్చారు. మూడు రోజులకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినామె పేరు చౌడమ్మ. హిందూపురం దగ్గర ఒక ఊరు, నేతగాళ్ళ ఇల్లు. పనిముట్లు పరీక్షించి చూసే విభాగంలోకి మా ఫ్యాక్టరీ మొదటిసారి ఆడవాళ్ళను తీసుకుంటోంది, దానికి రాసింది. ఒక్క మార్కులో పోయింది. పోయిన మార్కు నా ప్రశ్నది. ఆమె నాలుగు అని పెట్టింది.

ఉత్తరంలో ఏడుపు లేదు, దణ్ణాలు లేవు. "మీరు వేసిన మూడు తేదీలూ అమావాస్యలు. ఆ రోజు మా ఇళ్ళలో మగ్గం నెయ్యరు. పక్క వీధివాళ్ళు అమావాస్య పాటించకపోతే వాళ్ళవి ఆడతాయి. అందువల్ల ఈ వీధికి పని లేదని ఎట్లా తెలుస్తుంది? ముందు వారమంతా నూలు రాలేదంటే తెలుస్తుంది." కింద పంచాంగం నుంచి చించిన కాగితాలు మూడు, గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. తేదీల చుట్టూ పెన్సిలుతో సున్నాలు.

చదివాక నా చెవులు వేడెక్కాయి. రెండోసారి చదవాల్సిన అవసరం లేకపోయింది. ఆమె చెప్పింది నిజం.

మేజరుగారికి చూపించాను. ఆయన పంచాంగం కాగితాలను రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు ఎత్తి, "ఇది సాక్ష్యమా? మనది శాస్త్రీయమైన సంస్థ" అన్నారు. పక్కనే తనకిచ్చిన గదిలోకి ఆయన మారింది ఆర్నెల్ల కింద. మంచి ముహూర్తం దొరికేదాకా పదకొండు రోజులు వరండాలో కూర్చుని పని చేశారు.

"లిస్టు బోర్డు మీదికి ఎక్కేసింది. ఎక్కినదాన్ని దించితే రేపు ప్రతివాడూ పంచాంగం పట్టుకుని వస్తాడు. నీ జవాబే సరైనదని బలంగా ఒక నోటు రాసి, శుక్రవారానికి తీసుకురా" అన్నారు.

"సార్, ఆమె చెప్పిందాంట్లో..."

"నీ ఉద్యోగం ఏమిటి? బలపరచడం. బలపరుచు."

మరునాడు చౌడమ్మే వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. నూలుచీర, చేతిలో గుడ్డసంచి. నా బల్ల ముందు నిలబడింది.

"సార్, మీరు తెలుగోళ్ళేనంట గదా. గేటు కాడ చెప్పిరి."

నేను తల ఎత్తలేదు. మీ విషయం పరిశీలనలో ఉంది అని ఇంగ్లీషులో అన్నాను.

"అట్లనే కానీ సార్. వచ్చే నెలకు నాకు వయసు దాటిపోతాది. మళ్ళా రాసేకి లేదు. మా నాయనకు చూపు తగ్గినాది, చిన్నపొద్దు నుంచి నేనే మగ్గం మీద కూర్చుంటిని, నేస్తానే చదువుకుంటిని. తప్పు రాసుంటే నా కర్మ అనుకుందును. నేను తప్పు రాయలేదు సార్."

పరిశీలనలో ఉంది అని మళ్ళీ ఇంగ్లీషులోనే అన్నాను. ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. ప్రశ్నలో చేసింది పొరపాటు. బల్ల దగ్గర చేసింది పిరికితనం, దానికి వేరే పేరు లేదు.

నా జీవితంలోకెల్లా మంచి నోటు

నోటు రాశాను. అబద్ధం ఎందుకు, అద్భుతంగా రాశాను. ఇటువంటి ప్రశ్నకు సీమ పుస్తకాల్లో ఇటువంటి జవాబే ఉందన్నాను. అభ్యర్థుల్లో ఎక్కువమంది మూడే ఎంచుకున్నారన్నాను. ఎక్కువమంది ఒప్పుకుంటే తప్పు ఒప్పవుతుందనే వాదనను నేనే ఇంకో ప్రశ్నలో ఎరగా పెట్టివున్నాను, ఆ సంగతి నోటులో రాయలేదు. ప్రశ్న అన్ని ప్రాంతాలవాళ్ళకూ ఉద్దేశించింది, ఒక కులం ఆచారం తెలుసుకుని జవాబు చెప్పాలనడం న్యాయం కాదన్నాను. ఈ చివరిది చదువుకుని నాకే కళ్ళు చెమర్చాయి.

ఒక్క చోట కన్నం మిగిలింది. నాలుగో వాక్యం తప్పని తేల్చాలి. నేతగాళ్ళు వారానికి మించిన నూలు ఇంట్లో నిలవ పెట్టుకుంటారని ఒక నేతగాడి మాట ఉంటే చాలు, నోటు కోట గోడలా నిలబడుతుంది. నేతగాడి మాట కోసం నేను ఎంతో దూరం పోనక్కర లేదు కదా. గురువారం పూట సెలవు పెట్టి పేటకు సైకిలు తొక్కాను.

వీధి మలుపు దగ్గరే బ్రేకు వేశాను. వీధంతా చప్పుడు. ఒక ఇల్లని కాదు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా. అరుగుల మీద ఆడవాళ్ళు దారం కండెలు చుడుతున్నారు, నూలు మూటలు దిగుతున్నాయి, సైకిలు పోవడానికి సందు లేదు. చిన్నప్పుడు ఈ చప్పుడులోనే నిద్రపోయేవాడిని. ఇది ఆగిపోయిందని ఆఫీసులో పదిమందికి చెప్పినవాడినీ నేనే.

నన్ను చూడగానే నాయన మగ్గం ఆపేశాడు. ముఖం పాలిపోయింది.

"ఏమప్పా, ఈపొద్దు అమాస కాదే? ఎవరికేమాయె? బిడ్డ బాగుండాదా?"

మామూలు రోజున కొడుకు గుమ్మంలో కనిపిస్తే ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన చావు. అందరూ బాగున్నారని రెండుసార్లు చెప్పాక గాని ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

ఆఫీసు పని మీద వచ్చానని, నూలు ఎన్నాళ్ళకు సరిపడా దాచుకుంటారని అడిగాను.

"దాచుకునేకి ఎక్కడుంటాది నాయనా? మూట వచ్చిన పొద్దే మగ్గానికి ఎక్కుతాది. వారం నూలు రాలేదంటే వీధంతా చేతులు ముడుచుకోని కూర్చోవాల్సిందే. నీకు తెలీని సంగతా?"

"పని బాగానే ఉందా నాయనా వీధిలో? తగ్గిపోయిందనుకున్నానే."

నాయన నావైపు వింతగా చూశాడు. "పనికేమప్పా తక్కువ? నువ్వొచ్చే పొద్దు మాత్రమే ఉండదు."

ఆయన ఎత్తిపొడవలేదు. ఉన్న మాట చెప్పాడు. అందుకే అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

శుక్రవారం

మేజరుగారి బల్ల మీద మూడు పేజీల నోటుకు బదులు మూడు వాక్యాల కాగితం పెట్టాను. ప్రశ్న రాసింది నేను. జవాబు తప్పు. అభ్యర్థి చెప్పింది సరైనది.

"దీంట్లో బలం ఏది?" అన్నారు మేజరుగారు.

"లేదు సార్. నిజం మాత్రం ఉంది."

"ఇది పైకి పోతే నీకే మంచిది కాదు."

"తెలుసు సార్."

కాగితం పైకి పోయింది. పేపర్లన్నీ మళ్ళీ దిద్దారు. చౌడమ్మకు ఉద్యోగం వచ్చింది. జాబితాలో చివర ఉన్న ఒక కుర్రవాడి పేరు పోయింది. అతను చేసిన తప్పు కూడా ఏమీ లేదు, నాలాగే మూడు అని నమ్మాడు. అతనికి జరిగింది కూడా నా ఖాతాలోదే. ఒక తప్పు దిద్దుకుంటే అందరికీ మేలు జరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నన్ను టైపు పరీక్షలకు పేరాలు ఎంచే పనిలో వేశారు. రెండేళ్ళు. అక్కడ వాదనలు లేవు, నిర్ణయాలు లేవు, కామాలు సరిగా పడితే చాలు. మేజరుగారు ఆ ఏడాది చివరి సమావేశంలో, "తప్పును మనంతట మనమే కనిపెట్టి దిద్దుకునే విభాగం మనది" అని ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఫ్యాను తిరగదు కాబట్టి చేతులకు కాస్త గాలైనా తగిలింది.

ఉద్యోగంలో చేరిన రోజు చౌడమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి నేనే ముందు తెలుగులో కూర్చోమన్నాను.

"ఒక్కటి అడగల్లనుకుంటి సార్. మూడూ అమాసలే ఎట్లా కుదిరినాయి మీకు? ఊరికే రాస్తే కుదరవు గదా."

"మా ఇంటికి పోయిన రోజులమ్మా అవి. పేటలో మాది నేతగాళ్ళ ఇల్లే."

ఆమె నవ్వలేదు. "అయితే వేరే పొద్దుల్లో పోరా సార్?" అంది.

ముప్ఫై ఏళ్ళలో నా పేపరు మీద ఎవరూ అంత మంచి ప్రశ్న వెయ్యలేదు.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. సాక్ష్యం చూసినప్పుడు, అది ఏం చెప్తోందని తర్వాత అడగండి. దాన్ని చూసినవాడు ఏ రోజున వెళ్ళాడో ముందు అడగండి. ఆ చూసినవాడు మీరే అయితే రెండుసార్లు అడగండి.

ఆ తర్వాత నేను మామూలు రోజుల్లో కూడా పేటకు పోవడం మొదలుపెట్టాను. చాలా నెలలదాకా నన్ను చూడగానే నాయన మగ్గం ఆపి "ఎవరికేమాయె?" అనే అడిగేవాడు. ఎవరికీ ఏమీ కాలేదని ప్రతిసారీ చెప్పేవాడిని. దాదాపు ఏడాది పట్టింది. ఒక మంగళవారం వెళ్ళి గుంట పక్కన కూర్చున్నాను. ఆయన మగ్గం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"వచ్చినావా? ఆ కండె ఇట్లియ్యి" అన్నాడు.